జూన్‌లో పోయే గొంతు

హనుమండ్లు సారు చివరిగా చేసిన పని నాకు ఛందస్సు క్లాసు అంటగట్టడం. పోయిన జూన్‌లో, టైంటేబుల్ వేసే రోజున, మెడకు మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. వారానికి నాలుగు గంటల పాఠాన్ని నా నెత్తిన పెట్టి, రెండు టీలు తాగి ఇంటికెళ్ళాడు. మూడో రోజున గుండెపోటుతో పోయాడు. ఆ మూడు రోజులూ నేను ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

సారుకు ఏడాదికి ఒక్కసారే గొంతు పోయేది. చలికి కాదు, వానకు కాదు, టైంటేబుల్‌కు.

నిర్మల్‌లోని మా కాలేజీ తెలుగు శాఖలో ముగ్గురమే. శాఖాధిపతి సంతోష్‌రావు గారు, సీనియర్ హనుమండ్లు సారు, కాంట్రాక్టు మీద నేను. ఏటా జూన్‌లో నా ఉద్యోగం పొడిగింపు కాగితం మీద సంతకం పడాలి. అది పడేదాకా "నాతో కాదు" అనే మాట నా నోట రాదు. ఆ సంగతి సారుకు బాగా తెలుసు.

"రావు సాబ్, గొంతు లేస్తలేదు," అని గుసగుసగా మొదలుపెట్టేవాడు. "గా ఛందస్సు వెంకటేశ్‌కియ్యుండ్రి. పోరడు, తాకత్ ఉన్నోడు."

ఆ పోరడికి నలభై రెండేళ్ళు.

"పోయినేడు గూడ గిదే అంటివి గద హనుమండ్లు!"

"పోయినేడు పోయిన గొంతే సాబ్. ఇంక రాలే."

పది నిమిషాలకు గేటు దగ్గరి టీ కొట్టు నుంచి "ఓ అంతయ్యా, టీల చక్కెర జర ఎక్కువెయ్యి!" అన్న కేక మూడో అంతస్తు దాకా వినిపించేది.

జూలై నుంచి నవంబరు దాకా నేను ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు పరిగెత్తేవాణ్ణి. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పల్లీలు వలిచేవాడు. డిసెంబరు పరీక్షలకు పాఠాలు ఆగగానే గొంతు తిరిగొచ్చేది. ఏప్రిల్‌లో పేపర్లు దిద్దే కాలానికి మరీ హుషారు. నా కట్టలోంచి సగం లాక్కునేవాడు.

"సార్, అవి నావి."

"తెల్సు. పిల్లలు మస్తు కథలు రాస్తరు, సదువుకుంట. నువ్వు ఇంటికి పో."

పోయేవాణ్ణి. పల్లీలకు అరుగుదల కావాలి కదా అనుకునేవాణ్ణి.

ఒక ఉపాధ్యాయ దినోత్సవాన పిల్లలు బతిమాలితే స్టేజీ ఎక్కి, తువ్వాలు మెడకు చుట్టుకుని ఆయన్ని అనుకరించాను. హాలంతా విరగబడి నవ్వింది. నా ఉద్దేశం నవ్వించడం కాదు, పదిమందిలో ఆయన పరువు తీయడం. ఈ వాక్యం రాయడానికి సిగ్గేస్తోంది, కానీ అదే నిజం. ముందు వరుసలో కళ్ళు తుడుచుకుంటూ నవ్విన సారు, నేను దిగగానే పక్కకు పిలిచాడు.

"మంచిగ చేసినవ్ గని, దగ్గు తక్కువైంది. రెండుసార్లు దగ్గాలె."

ఈ జూన్‌లో ఆయన స్థానంలోకి వచ్చిన కరుణాకర్‌రావు గారు తన పదహారు గంటలూ తానే చెప్పుకుంటానన్నారు. నాకు పన్నెండే మిగిలాయి. మిఠాయి డబ్బా పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను.

"సంబరం ఎందుకు సార్?" అంది సూపరింటెండెంట్ అనసూర్య. "కాంట్రాక్టోళ్ళకు పదహారు గంటలుంటేనే పొడిగింపు. తొమ్మిదేండ్ల సంది గిదే రూలు."

"నాకెన్నడూ తక్కువ పడలేదే?"

"పడనిస్తే గద! హనుమండ్లు సారు తనయి తీసి మీకు నింపుతుండె. గీసారి సంతోష్‌రావు సాబ్ తనయి నాలుగు ఇడుస్తనన్నడు, ఫికర్ చెయ్యకుండ్రి."

నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

"నాకెవరూ చెప్పలేదేం?"

"సారే వద్దన్నడు. తెలిస్తే మీరు తిట్టుడు బందు వెడ్తరట. గది లేకుంటే జూన్ల మజా ఉండదన్నడు."

బీరువాలోంచి ఒక ఫైలు తీసి నా ముందు పెట్టింది. ఎనిమిది మెమోలు, సారు పోయేదాకా ఏడాదికొకటి. అన్నింట్లోనూ ఒకటే ప్రశ్న: పనిగంటలు నిర్ణీత సంఖ్య కన్నా తగ్గడానికి కారణం తెలుపగలరు. ఎనిమిదింటి కిందా సారు గుండ్రటి చేతిరాతలో ఒకటే జవాబు: "స్వభావరీత్యా బద్ధకస్తుణ్ణి. వచ్చే ఏడు మారడానికి ప్రయత్నిస్తాను."