మావయ్యగారు చదివిన కోర్టు కాగితం

మూడు నెలల వీసా మీద జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్ వచ్చిన మా మావయ్యగారికి రెండో వారానికే ఊరు విసుగెత్తింది. రిజిస్ట్రారు ఆఫీసు రికార్డు రూములో ముప్పై ఏళ్లు గడిపిన మనిషి మరి. చదవడానికి దస్తావేజు దొరక్క, మా ఇంటి అద్దె కాంట్రాక్టు తిరగేసి, జర్మన్ ముక్క రాకపోయినా, "స్టాంపు పేపరు మీద లేదు, ఇది చెల్లదు" అని తేల్చేశారు.

అలాంటి సమయంలో పై ఇంటాయన దేవుడిలా దొరికాడు. అమెరికా సైన్యంలో పనిచేసి ఇక్కడే స్థిరపడిన నల్లజాతి పెద్దాయన. తన ముత్తవ్వ బానిసల ఇంట పుట్టిందని ఆయనకు తెలుసు. ఆమెను కన్నతల్లి పేరేమిటో మాత్రం వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. అది తెలుసుకోవాలని, ఆవిడ పుట్టిన ఊరి పాత కోర్టు నుంచి ఒక కాగితం నకలు తెప్పించుకున్నాడు. ఆ బానిసల యజమాని చనిపోయాక కోర్టువాళ్లు రాయించిన ఆస్తి జాబితా అది. గొలుసుకట్టు రాత అంతుపట్టక మా తలుపు తట్టాడు.

మావయ్యగారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఇదేం పెద్ద రాతమ్మాయ్! మా గుమాస్తాల రాత చూస్తే ఈయన ఏడ్చేవాడు" అంటూ హుషారుగా మొదలెట్టారు. ఇంగ్లీషులో చదివి, నాకు రాదన్నట్టు మళ్లీ తెలుగులో చెప్పడం ఆయన అలవాటు.

"నాగలి ఒకటి. గుర్రం, దాని పిల్ల. ఆవు, దూడ. ఆడమనిషి, పిల్ల..."

ఆగిపోయారు. నోరు తెరిస్తే ఆయన ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"మనుషుల్ని ఇందులో రాశారేంటమ్మాయ్?" అన్నారు నాతో, నేనే రాసినట్టు.

తరవాత గొంతు తగ్గించి ఆ ఆడమనిషి పేరు చదివారు. పెద్దాయన ఆ పేరు తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"పిల్ల పేరు?" అని ఇంగ్లీషులోనే అడిగాను.

"రాయలేదు. పిల్ల అని ఊరుకున్నారు."

"పిల్ల పేరు నాకు తెలుసు. ఆ పిల్లే మా ముత్తవ్వ" అని పెద్దాయన చెప్పాడు.

రికార్డు మీద పెన్ను పెట్టకూడదని మావయ్యగారికంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా జేబులోంచి పెన్ను తీశారు. ఒక్కో అక్షరం పెద్దాయన్ని అడుగుతూ, పిల్ల అన్న మాట పక్కనే ఆ పేరు గుండ్రంగా రాశారు.