గట్టు అవతలి సారు

మా ఇంగ్లీషు సారు పోయారు. గిద్దలూరులో నేను పిల్లలకు క్యారేజీలు కడుతుంటే నాయన ఫోన్ చేసి చెప్పాడు. "సారు పోయినాడమ్మా," అని, "ఇంక నేను ఎవురితో పోట్లాడాల?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

హనుమంతునిపాడు దగ్గర మా ఊళ్ళో సారు చేనూ మా చేనూ పక్కపక్కనే. మధ్యలో మట్టి గట్టు. దున్నినప్పుడల్లా నాయన దాన్ని మావైపు నుంచి కొంచెం గీరేవాడు. సారు ఊరంతా వినబడేలా కేకలేసేవారు. అలా ఇద్దరికీ మాటలు పోయాయి.

బడిలో మాత్రం సారు వేరే మనిషి. యూరియా సంచితో అట్ట కుట్టించిన లావుపాటి డిక్షనరీ చంకలో పెట్టుకుని వచ్చేవారు. పాఠం మధ్యలో ఏదో ఒక మాట దగ్గర ఆగి, "దీని పుట్టిల్లు యాడుందో చూద్దాం రాండి," అనేవారు. ఆయన చేతిలో సిలబస్ ఏ ఏడూ పూర్తి కాలేదు. మాకది పండగ.

ఒకరోజు నైబర్ అంటే ఏమిటని నన్నడిగారు. పక్కింటోళ్ళు సార్ అన్నాను.

"ఇప్పుడట్ల అయింది గానీ, పాత ఇంగ్లీషులో ఇది చేనోళ్ళ మాట పాపా. మొదటి సగం దగ్గర అని. రెండో సగం సేద్యం చేసుకుని బతికేటోడు. దానికి చుట్టమే బూర్ అనే మాట. పట్నమోళ్ళు దాన్ని మొరటోడు అనే అర్థానికి దించినారు. మీ నాయనకు రెండూ సరిపోతాయి," అని, క్లాసంతా నవ్వుతుంటే, "నాకూ సరిపోతాయిలే," అన్నారు.

ఇంటికొచ్చి చెబితే నాయన, "గట్టు కాడ అరిచేటప్పుడు ఆ పాఠం గుర్తుకు రాదేం?" అన్నాడు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే మా బోరు ఎండిపోయింది. కాపుకొచ్చిన బత్తాయి తోట ఆకులు ముడుచుకుంటుంటే నాయనకు అన్నం సయించలేదు. సారు బోరులో నీళ్ళున్నాయి, అయినా ఆయన్ని అడగడు. ఒక సాయంత్రం సారే పైపు భుజానేసుకుని గట్టు దాటి వచ్చారు.

"పిల్లకాయలకు అంత పాఠం చెప్పి, నీ తోట ఎండుతుంటే చూస్తా కూచుంటే రేపు బళ్ళో నా మొగం యాడ పెట్టుకోవాల? పట్టుకో పైపు."

నాయన పట్టుకున్నాడు. నీళ్ళు పాదుల్లోకి పారుతుంటే, "నీళ్ళిచ్చినావని గట్టు వదలను సారూ," అన్నాడు.

"నేను మాత్రం వదుల్తానా?"

అప్పట్నుంచి ఉడకేసిన చెనక్కాయలు తింటూ రోజూ పోట్లాడుకునేవారు. మా తోట బతికింది ఆయన వల్లే. నాకు ఇంగ్లీషు మీద ఇష్టం పుట్టిందీ ఆయన వల్లే. ఈ మాట ఆయన ఉండగా చెప్పి ఉంటే బాగుండేది.

దినాలకు నేనూ ఊరికి వచ్చాను. అవి అయ్యాక మార్కాపురంలో ఉద్యోగం చేసే సారు కొడుకు మా ఇంటికి వచ్చాడు. "మామా, ఆ గట్టు నువ్వే కలుపుకో. మాకేం పట్టింపు లేదు," అన్నాడు.

నాయన మొహం ఎర్రబడింది. "మీ నాయన బతికినన్నాళ్ళూ జానెడు ఇయ్యలేదు. ఇయ్యడానికి నువ్వెవురబ్బా?" అని తిట్టి పంపించాడు.

మర్నాడు నేను చేనికి పోయేసరికి నాయన పార పట్టుకుని ఉన్నాడు. మా చేలోని మట్టే తవ్వి గట్టుకు పోస్తున్నాడు. ఇన్నేళ్ళూ తాను గీరిన చోటల్లా నింపుతున్నాడు. మట్టి మీద నీళ్ళు చల్లి, చెప్పులు విడిచి, ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తొక్కుకుంటూ వచ్చాడు.