రెండు వేళ్ల గుడ్డ

మా పెద్దమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బడి యూనిఫారాలు కుట్టే మా షెడ్డులో కత్తిరింపు బల్ల ఆవిడది. ఏ చొక్కా కత్తిరించినా పక్క కుట్టు లోపల రెండు వేళ్ల వెడల్పున గుడ్డ వదలాల్సిందే. పిల్లలు ఎదుగుతారు, కుట్టు విప్పి వదులు చేసుకుంటే అదే చొక్కా ఇంకో రెండేళ్లు వస్తుందని ఆవిడ వాదన. అందుకే షెడ్డులో అందరికీ ఆవిడ రెండువేళ్ల పెద్దమ్మ. గుండీల మిషను మీద కూర్చునే నాకు మాత్రం సొంత పెద్దమ్మే, మా అమ్మకు అక్క. ఆ గుడ్డ జోలికి వస్తే ఊరుకునే మనిషి కాదని నాకు తెలుసు. కొత్త మేనేజరుకు తెలియదు.

ఆయన వచ్చీ రాగానే ఆ జోలికే వచ్చాడు. చెడ్డవాడేం కాదు. చొక్కాల కర్బన భారం తగ్గించమని బడివాళ్లు అడుగుతున్నారట. ఒక్క చొక్కా వెనక ఎంత పొగ ఉంటుందో మాకందరికీ ఓపిగ్గా చెప్పాడు. పత్తి చేనుకు వేసే ఎరువు, నూలు వడికే కరెంటు, రంగు నీళ్లు మరిగించే బాయిలరు, మోసుకొచ్చే లారీ. వాడే గుడ్డ తగ్గితే ఇవన్నీ తగ్గుతాయి, కాబట్టి ఇకనుంచి లోపల అర వేలు చాలన్నాడు. పెద్దమ్మ చేతిలో సుద్ద ముక్క కింద పెట్టేసింది. ఒక్క చొక్కానే రెండు చొక్కాల కాలం తొడుక్కుంటే రెండోదాని పొగ అసలు పుట్టదు కదా అని అడిగింది. ఇద్దరి మాటా నిజమే అనిపించి మేమంతా మిషన్లు ఆపి చూస్తున్నాం.

"నిజమేనమ్మా. కానీ ఆ కుట్లు ఎవరు విప్పుతున్నారు? మీరెప్పుడైనా చూశారా?" అన్నాడాయన.

పెద్దమ్మ కింద పెట్టిన సుద్ద ముక్క మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆవిడ మాటకు తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది.

పిల్లలకు బిగుతైపోయిన పాత చొక్కాలు బడిలో ఒక మూటగా పడి ఉన్నాయి. మిషన్లు తుడిచే పీలికల కింద పోవాల్సినవి. మేనేజరు ఆ మూట తెప్పించాడు. అందులో విప్పి కుట్టింది ఒక్కటి కనిపించినా రెండు వేళ్లూ ఉంటాయి, లేకపోతే అర వేలే అన్నాడు. పెద్దమ్మ సరేనంది. అంతటితో ఊరుకుందా, ఓడిపోతే తన చేత్తోనే సన్నగా కోస్తానని కూడా అనేసింది. నేను కొంగు పట్టుకుని లాగితే విదిలించుకుంది.

బల్ల మీద కొత్త గుడ్డ పొరలు పొరలుగా పరిచి కోతకు సిద్ధంగా ఉంది. దాని పక్కనే మూట విప్పారు. పెద్దమ్మ ఒక్కో చొక్కా తిరగేసి, పక్క కుట్టు వేళ్లతో తడిమి, అవతల పెడుతోంది. మొదటిది ఎవరూ విప్పలేదు. రెండోదీ అంతే, ఆ తర్వాతవీ అంతే. చిరిగినవి కొన్నే, మిగతావన్నీ గట్టిగానే ఉన్నాయి. బయట వెలిసిపోయినా లోపలి గుడ్డ కుట్టిన నాటి ముదురు నీలంలోనే ఉంది. మేనేజరు మొహంలోనూ సంతోషం లేదు, అది ఒప్పుకోవాలి.

మూట సగం దాటాక ఆవిడ చెయ్యి ఆగింది. ఆ చొక్కా పక్కల్లో పాత సూది బెజ్జాల వరసలు కనిపిస్తున్నాయి. ఒకసారి కాదు, రెండుసార్లు విప్పి కుట్టారు. మేనేజరు వంగి చూసి, ఒకటి దొరికిందే అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం గుర్తుపట్టాను. అది మా అమ్మాయి చొక్కా. మా ఇంట్లో కూర్చుని పెద్దమ్మే విప్పింది. ఆవిడ నా వైపు చూసింది. చెప్పొద్దని కళ్లతోనే బతిమాలాను.

"ఇది లెక్కలోకి రాదు బాబూ. దీన్ని విప్పింది నేనే," అని తీసి పక్కన పెట్టింది.

మిగతా మూటలో ఒక్కటీ దొరకలేదు.

పెద్దమ్మ పాత గీత చెరిపేసి, అర వేలు వదిలి కొత్త గీత గీసింది. మీరు కూర్చోండి, ఇంకెవరిచేతైనా కోయిస్తానని మేనేజరు అన్నా వినలేదు. కత్తి మిషను నొక్కింది. కోత ఎక్కడైనా తప్పుతుందేమోనని నేను బల్ల దగ్గరికి వెళ్లి చూశాను. గీత ఎక్కడా వంకర పోలేదు. నాకే ఏడుపొచ్చింది.

కోత ముగిశాక మిషను ఆపి, ఆ మూట పీలికలకు పంపొద్దంది. లోపల గుడ్డ ఉండగా అవి పాతవెలా అవుతాయని అడిగింది. విప్పితే పక్కల్లో ముదురు చార కనిపిస్తుంది, ఎవరు తొడుక్కుంటారని మేనేజరు సందేహం.

"కనిపించనీ బాబూ. ఇన్నాళ్లూ కనిపించకనే కదా ఇంత జరిగింది."

ఆయన ఒక చొక్కా తిరగేసి, లోపలి గుడ్డ పట్టుకుని చూశాడు. చివరికి బడి తెరిచే రోజు గేటు దగ్గర ఒక మిషను వేసుకుని, అడిగినవాళ్లకు విప్పి కుట్టివ్వమన్నాడు.

ఆ రోజు మూట పట్టుకుని పెద్దమ్మకు తోడుగా నేనూ వెళ్లాను. చాలామంది మా మిషను వైపు చూసి నవ్వుకుంటూ పోయారు. కొత్త చొక్కా కొనడానికి వచ్చిన ఒకావిడ మాత్రం, కూతురు తొడుక్కున్న పాతది ఊపిరాడనంత బిగుతుగా ఉండటంతో ఆగింది. పెద్దమ్మ దాన్ని తిరగేసి, బ్లేడుతో కుట్టు విప్పి, లోపలి గుడ్డ బయటికి లాగి మళ్లీ కుట్టింది. పిల్ల తొడుక్కుని చేతులు రెండూ పైకెత్తింది. ఎక్కడా పట్టేయలేదు. తల్లి ఆ ముదురు చార మీద వేలు పెట్టి చూసింది.

"లోపల ఇంత గుడ్డ ఉందా? పెద్దదాని చొక్కాలు రెండు పారేశాను. ఒక్కరూ చెప్పలేదే," అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా పెద్దమ్మ అడక్కుండానే పెట్టింది. పెట్టినట్టు మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ తల్లి మాట ఆవిడకు ఎంత లోతుగా తగిలిందో నాకు తెలుస్తూనే ఉంది.

"నేనే చెప్పలేదమ్మా," అంది. తర్వాత పక్కకు జరిగి, ఆమెను కూర్చోమని, మూటలో చొక్కా ఒకటి తిరగేసి ముందు పెట్టి, బ్లేడు చేతికిచ్చింది.