తోడికోడళ్లు, డీజిల్ ఫిల్టరు

చెన్నేకొత్తపల్లి దగ్గరి ఒక పల్లెలో ఎర్రప్ప ఇంటికి పుష్ప పెద్ద కోడలు, కల్పన చిన్న కోడలు. టమోటా తోటలో నారు పెట్టినప్పటి నుంచి కాయ కోసేదాకా పుష్ప చెయ్యి పడని పని లేదు. కానీ ఆ కాయల్ని పికప్‌లో ధర్మవరం మార్కెట్టుకు తోలుకుపోయేది కల్పన. ఆమె మొగుడు రమేష్‌కు పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం. పుష్ప మొగుడు తిప్పన్నకు గొర్రెల కాపు తప్ప ఇంకో పని పట్టదు. బత్తలపల్లిలో నాయన ఆటో తోలి పెరిగిన కల్పనకు పికప్ ఒక లెక్క కాదు.

ఊళ్లో అందరూ ఆమెను ‘డ్రైవరమ్మా’ అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు వినబడిన ప్రతిసారీ పుష్పకు కడుపు రగిలేది. తనకూ నేర్పమని అడగాలని ఉండేది. తనకంటే చిన్నదాన్ని అడగడానికి నోరు వచ్చేది కాదు.

ఒక రోజు తోట నుంచి లోడుతో వస్తూ బండి మిట్ట ఎక్కలేక కుదుపులతో ఎగిరెగిరి ఆగిపోయింది. ఎలాగో ఇల్లు చేర్చిన కల్పన, మరునాడు కొత్త డీజిల్ ఫిల్టర్ తెప్పించి వాకిట్లోనే బానెట్ ఎత్తింది.

"అక్కా, రోంత ఈ టబ్బు కింద పట్టుకుంటావా?"

పుష్ప పట్టుకుంది. కల్పన పాత ఫిల్టర్‌కు గుడ్డ చుట్టి తిప్పింది. నల్లటి డీజిల్, దాంతోపాటు నీళ్లు టబ్బులో పడ్డాయి. కొత్తదాన్ని డీజిల్‌తో నింపి, దాని రబ్బరు రింగుకు వేలితో డీజిల్ రాసి, చేత్తోనే బిగించింది. పుష్ప కోళ్లను చూస్తున్నట్టు నటిస్తూ అంతా చూసింది.

సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరిగింది గానీ అందుకోలేదు.

"గాలి పట్టిండాదక్కా. ఆ ఫిల్టర్ పైనుండే పంపు గుండీ నొక్కుతా ఉండు, గాలి పోయి గట్టిపడేదాకా."

బొటనవేలు మండేదాకా పుష్ప నొక్కింది. ఈసారి ఇంజిన్ అందుకుంది. అత్త చౌడమ్మ చప్పుడు విని బయటికొచ్చింది.

"నా కోడలు మెకానిక్కుల్ని మించిపోయిందే!"

"అక్క నొక్కబట్టే స్టార్టయిందత్తా" అంది కల్పన.

ఆ మాట పుష్పకు ఇంకా కాలింది. తనకొచ్చే మెప్పు కూడా కల్పన పెట్టే కూటి ముద్దేనా అనుకుంది.

పంట చివరి కోతల్లో కల్పన హిందూపురంలో పెళ్లికి పోయింది. రమేష్ లీవు పెట్టి బండి తీస్తే, అది మళ్లీ ఎగరడం మొదలుపెట్టింది.

"ధర్మవరం మెకానిక్‌కు ఫోన్ చేస్తా" అన్నాడు రమేష్.

"ఎందుకు? కల్పన ఇంకో ఫిల్టర్ తెచ్చి పెట్టిండాది. నేనేస్తా."

"వదినా, ఇది టమోటా నారు గాదు!" అని నవ్వాడు.

పుష్ప చీర ఎగదోపింది. చూసింది చూసినట్టే చేసింది. అయినా డీజిల్ కారసాగింది. రమేష్ మళ్లీ నవ్వాడు. ఆమె మొహం ఎర్రబడింది. మళ్లీ విప్పి లోపల తడిమితే, పాత ఫిల్టర్ రబ్బరు రింగు పైన బండికే అంటుకుని ఉంది. దాన్ని గోటితో లాగేసి బిగించింది. చుక్క కారలేదు. గుండీ గట్టిపడేదాకా నొక్కి, "ఇప్పుడు కొట్టు" అంది. ఇంజిన్ అందుకుంది.

"ఎవురు నేర్పినారే?" అంది చౌడమ్మ ఆశ్చర్యంగా.

"చూసి నేర్చుకుంటి." కల్పన పేరు మాత్రం ఎత్తలేదు.

పెళ్లి నుంచి వచ్చిన కల్పన సంచి దించకముందే అత్త ఈ సంగతంతా చెప్పేసింది. "మంచిదే గదా" అని కల్పన నవ్వింది. కానీ అందరూ లోపలికి పోయాక బానెట్ ఎత్తి, ఫిల్టర్ కింద వేలితో రాసి చూసింది. పొడిగా ఉంది. అయినా రెండు చేతులతో పట్టి ఇంకాస్త బిగించబోయింది. అది కదల్లేదు.

వెనకే నిలబడిన పుష్పను చూసి ఉలిక్కిపడింది. "కారుతాండాదేమో అని చూస్తాండా, అక్కా."

ఆ మొహంలో ఉన్నదేమిటో పుష్పకు తెలుసు. అది తాను ఇన్నాళ్లూ మోసిందే. జాలేసింది, సంతోషమూ వేసింది. సంతోషమే ఎక్కువ. ఆ ఊపులోనే అడిగేసింది.

"నాకు తోలేది నేర్పు కల్పనా."

"చూద్దాంలే అక్కా. దోవ బాగలేదు."

చాన్నాళ్లు ఆ దోవ బాగుపడలేదు. చివరికి మామ ఎర్రప్పే నేర్పమని గట్టిగా చెప్పాడు. ఇప్పుడు కొన్ని పొద్దులు తోట దారిలో పికప్ నత్తలా పోతుంది. స్టీరింగ్ పుష్ప చేతిలో ఉంటుంది. పక్కన కల్పన బిగుసుకు కూర్చుని, హ్యాండ్ బ్రేకు మీది చెయ్యి మాత్రం తియ్యదు.