ఒక్కసారే అడిగిన ఇంజనీరు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, దసరా సెలవులు అయిన వారంలో, భీమవరం దగ్గరి మా రొయ్యల మేత మిల్లులో కొత్త పెల్లెట్ లైను బిగించే పని నాకు అప్పగించారు. నేనప్పుడు మెయింటెనెన్స్ మేనేజర్ని. యంత్రాలు డెన్మార్క్ నుంచి వచ్చాయి. వాటిని నడిపి చూపించి మాకు అప్పజెప్పడానికి హెన్రిక్ గారనే కమిషనింగ్ ఇంజనీరు కూడా అక్కడినుంచే వచ్చారు. యంత్రాల పునాదులు నా బాధ్యత, హెన్రిక్ గారి తిండీ తిప్పలూ నా బాధ్యతే. రెండోదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

కంచంలో మెతుకు మిగల్చకూడదని ఆయనకు వాళ్ళమ్మ నేర్పిందట. మా వైపు ఖాళీ కంచం కనబడితే వడ్డించేవాళ్ళ చెయ్యి ఆగదు. ఆయన ఖాళీ చేయడం, వీళ్ళు నింపడం, మర్నాడు ఆయన పొట్ట పట్టుకుని గెస్ట్‌హౌస్‌లో పడుకోవడం. మీవాళ్ళకు నా మాట వినబడదా అని ఒకరోజు నన్ను నిలదీశారు. వినబడుతుందండి, కానీ మొదటి ‘వద్దు’ మొహమాటానికి అనేది, దాన్ని పట్టుకుని వడ్డించడం మానేస్తే ఇంటివాళ్ళకి పరువు తక్కువ అని విడమరిచి చెప్పాను. మనిషి నిక్కచ్చి, చెప్పింది శ్రద్ధగా వింటారు. శివరాత్రి నాటికి, తినాలని ఉన్నప్పుడు కూడా ‘వద్దండి, వద్దండి’ అని తెలుగులోనే అంటూ, కంచం మాత్రం అక్కడే ఉంచడం నేర్చుకున్నారు. అయితే ఆ పాఠం భోజనాల వరకేనని అనుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పెల్లెట్ లైను అంటే మేత గుళికలు చేసే వరస. సోయా, చేపపొడి, గోధుమపిండి కలిపిన పొడిని ఆవిరితో మెత్తబరిచి, డై అనే చిల్లుల ఉక్కు కడియం గుండా రోలర్లతో నొక్కుతారు. ఆవిరి తక్కువైతే గుళిక చెరువులో పడగానే విడిపోతుంది, రొయ్యకు అందదు, నీళ్ళు పాడవుతాయి. ఎక్కువైతే డై పూడుకుపోతుంది. పాత యంత్రం మీద ఆ పని చూసే సీనియర్ ఆపరేటర్ సత్తిబాబు. మొగల్తూరు వైపు చేపల వేట కుటుంబంలో పుట్టి, వలలు వదిలి మిల్లులో చేరినవాడు. పాత యంత్రాన్ని తీసేస్తున్నారు. కొత్త లైనుకు షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అయితే సరే, లేదంటే యాభై దాటిన మనిషి బస్తాల సెక్షన్‌కి పోవాలి.

ఆ ఇన్‌ఛార్జ్ పేరును కమిషనింగ్ ఇంజనీరే మా హెడ్డాఫీసుకు పంపాలి. మనిషి తన నోటితో ఒప్పుకుంటేనే పంపాలన్నది హెన్రిక్ గారి కంపెనీ నియమం. ఒక సోమవారం ఉదయం, షిఫ్టు మారే వేళ, అందరూ ఉండగా ఆయన సత్తిబాబును అడిగారు. సత్తిబాబు తల గోక్కుంటూ, “అబ్బే, నాకెందుకండి అవన్నీ. పెద్దవాళ్ళున్నారు కదండి,” అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. హెన్రిక్ గారు మర్యాదగా థాంక్స్ చెప్పి, ఆవిరి గొట్టాల సంగతిలోకి వెళ్ళిపోయారు. సత్తిబాబు చెయ్యి తలమీదే ఉండిపోయింది.

అతనికి ఇష్టమేనండి, ఊరికే అలా అన్నాడు అని మధ్యాహ్నం హెన్రిక్ గారికి చెప్పి చూశాను. అతని మాటను మీరెలా మారుస్తారని ఆయన అడిగారు. రేపు అతని చెయ్యి రోలర్లలో పడితే, వద్దన్న మనిషిని తెచ్చి నిలబెట్టానని నేను ఒప్పుకోవాలా అన్నారు. ఆయన అన్నది సబబే. సబబు కావడం వల్లే నాకు మరీ ఒళ్ళు మండింది. శుక్రవారంలోగా పేరు వెళ్ళకపోతే హెడ్డాఫీసు బయటి మనిషిని పంపుతుంది.

సత్తిబాబును పిలిచి, నువ్వే వెళ్ళి ఒక మాట చెప్పవయ్యా అన్నాను. “అడిగి పుచ్చుకుంటే ఏం గౌరవమండి? ఎగిరి గంతేసి సరేనంటే నలుగురూ ఏమనుకుంటారు? ఆయన ఇంకోసారి అడిగితే నేను కాదంటానాండి?” అన్నాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది. “వాళ్ళ దేశంలో ఇంకోసారి ఉండదయ్యా. ఒకసారి వద్దంటే వద్దే, మళ్ళీ అడగడం అమర్యాద,” అన్నాను. “అలాగాండి,” అంటూ ఆలోచించుకుంటూ వెళ్ళాడు.

గురువారం క్యాంటీన్‌లో ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. సత్తిబాబు క్యారేజీలో చందువా చేప వేపుడు ఉంది. అదంటే హెన్రిక్ గారికి ప్రాణమని మిల్లంతటికీ తెలుసు. సత్తిబాబు గిన్నె ముందుకు జరిపి వేసుకోమన్నాడు. హెన్రిక్ గారు అలవాటుగా నవ్వి, “వద్దండి,” అన్నారు.

సత్తిబాబు మూత పెట్టేశాడు.

హెన్రిక్ గారు గిన్నె వంక చూశారు, నా వంక చూశారు. నేను చారు కలుపుకోవడంలో మునిగిపోయాను. చివరికి, తనవల్ల ఏమైనా తప్పు జరిగిందా అని అడిగారు. “మీరు వద్దన్నారు కదండి. మీ దేశంలో ఒక్కసారే అడగాలంట కదా, మేనేజర్ గారు చెప్పారండి,” అన్నాడు సత్తిబాబు, వినయంగా. నేను మాట పొల్లు పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. హెన్రిక్ గారి చెవులు ఎర్రబడ్డాయి.

చెంచా కింద పెట్టి, లైను బాధ్యత తీసుకుంటారా అని మళ్ళీ అడిగారు. “నాకెందుకండి,” అన్నాడు సత్తిబాబు. ఈసారి హెన్రిక్ గారు నావైపు చూడలేదు. మూడోసారి అడిగారు. “మీరంతగా అంటుంటే కాదంటానాండి,” అని జవాబు వచ్చింది. అదీ చాలదన్నారు ఆయన. చేస్తారా, చెయ్యరా, ఒక్క మాట కావాలన్నారు. సత్తిబాబు నిటారుగా కూర్చుని, “చేస్తానండి,” అన్నాడు. మర్నాడు పేరు వెళ్ళింది.

ఆ రోజు మూత కావాలనే పెట్టావా అని నా రిటైర్మెంటు నాడు సత్తిబాబును అడిగాను. మర్యాదకేనండి అని టీ తాగుతూ కూర్చున్నాడు. నమ్మాలో లేదో నాకిప్పటికీ తెలియదు.

పరాయి దేశపు యంత్రం వస్తే దాని వేడీ, ఒత్తిడీ చెప్పే పుస్తకం వెంట వస్తుంది. ఒక ఊళ్ళో ‘వద్దు’ అన్న మాట ఎన్నోసారికి ఖాయమవుతుందో అందులో ఉండదు. ఆ తర్వాత ఎవరికి బాధ్యత అప్పగించాల్సి వచ్చినా నేను నలుగురిలో అడగలేదు. గదిలోకి పిలిచి అడిగేవాణ్ణి, మర్నాడు మళ్ళీ అడిగేవాణ్ణి. రెండో రోజు కూడా వద్దన్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ జోలికి మళ్ళీ వెళ్ళలేదు.