రేకుల బడి మీద ఊక బూడిద

మిర్యాలగూడలో నేను సైన్సు టీచరుగా చేరిన బడి వెనక గోడకు ఆనుకునే ఒక ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. ఎనభైల చివరి మాట. మిల్లు బాయిలర్‌లో ఊక కాల్చేవాళ్లు. ఆ బూడిద గాలికి లేచి మా తరగతుల్లో రాలేది. నోటుపుస్తకాల మీద, టిఫిన్ డబ్బాల్లో, పిల్లల తలల్లో, ఎక్కడ చూసినా నల్లటి పొట్టు. ఆ మిల్లు యజమానిని నేను ఈ రోజుకీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. లెక్కల్లో అందరికంటే ముందు. వానాకాలమంతా బాగానే ఉండేది. కోతలయి మిల్లు ఆగకుండా నడవడం మొదలయ్యేసరికి ఆయాసం పట్టుకునేది. భుజాలు పైకెత్తి, బెంచీ అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చునేది. నల్లబోర్డు దగ్గర నిలబడ్డ నాకు ఆమె ఛాతీలోంచి పిల్లికూతలు వినిపించేవి. ఒకరోజు హాజరు పిలిస్తే జవాబు చెప్పడానికి ఊపిరి చాలక చెయ్యి మాత్రం ఎత్తింది. అప్పటికప్పుడు రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు సూది వేసి, "మీ బడిపిల్లలే ఎక్కువ వస్తున్నరు మేడం. ఆ పొగల కూసున్నంత సేపు మందులేం పనిచేస్తయి?" అన్నాడు.

పెద్దసారుకు చెప్పాను. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "బడికి రేకులేయించింది ఎవరో తెలుసునా మీకు? ఆ మిల్లాయనే. ఆయన్నే పొయ్యి బంద్ పెట్టమంటరా?"

మిల్లు పొగ మీద నేనే కలెక్టరుకు అర్జీ రాశాను. తల్లిదండ్రుల సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాను. ఆ అమ్మాయి తండ్రి అదే మిల్లులో బాయిలర్‌కు ఊక తోసే పని చేసేవాడు. కాగితాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. చివరికి, "ఏం కాదు గద టీచరమ్మా?" అని అడిగాడు. ఏం కాదన్నాను. కూతురి వైపొకసారి చూసి వేలిముద్ర వేశాడు.

వారం తిరక్కుండానే యజమాని బడికొచ్చాడు. కిటికీ మీది బూడిదను వేలితో తీసి నాకు చూపించాడు.

"గిది ఊక, టీచరమ్మా. ఇసం కాదు. పిల్లలన్నంక దగ్గు రాదా?"

"మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?" అని అడిగాను.

"హైదరాబాద్ల. హాస్టల్ల ఉన్నరు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకేమీ సిగ్గనిపించలేదు.

ఆ అర్జీ మీద తనిఖీకి అధికారి వచ్చిన రోజు బాయిలర్ చల్లగా ఉంది. బడి తెల్లారేసరికే కడిగించి ఉంది. ఆయన వచ్చే సంగతి మిల్లుకు ఎవరు చేరవేశారో అడగక్కర్లేదు. నేను రోజూ కిటికీల దగ్గర ఊడ్చి పొట్లం కట్టిన బూడిదను అధికారి ముందు పెట్టాను. ఆయన దాన్ని విప్పను కూడా విప్పలేదు. "గాలి మర్లినప్పుడు జరంత వస్తది సార్, గంతే" అన్నాడు మా పెద్దసారు. ఆ తర్వాత అందరూ కలిసి మిల్లులో భోజనానికి వెళ్లారు.

మూడోరోజు ఆ అమ్మాయి తండ్రి తరగతి గుమ్మంలోకే వచ్చాడు. పిల్లలందరూ వింటుండగా అరిచాడు.

"ఏం కాదంటివి గద! ఆ పొయ్యి ఆరలే, నా ఇంట్ల పొయ్యి ఆరింది. వేలిముద్ర సూపెట్టి పనిల కెళ్లి ఎల్లగొట్టిండు. నీ నౌకరి నీకుండె. మాకేమున్నది?"

కూతురి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఆమె పుస్తకాల సంచి బెంచీ మీదే ఉండిపోయింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నాకు కోపం వచ్చింది మిల్లు మీద కాదు, అతని మీద. ఎవరి కోసం ఇదంతా చేశానో వాళ్లే నన్ను తిడతారా అనుకున్నాను. దానికి తర్వాత చాలా సిగ్గుపడ్డాను. ఎండాకాలం సెలవులు కాకముందే నన్ను కోదాడ వైపు బదిలీ చేశారు.

తర్వాత ఎప్పుడో మిల్లు పొగగొట్టం ఎత్తు పెంచారట. దాంతో బూడిద బడిని దాటి అవతల కూలీల ఇళ్ల మీద పడుతోందని అక్కడి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. అందుకు బడిలో యజమానికి సన్మానం కూడా జరిగింది. నాకు పిలుపు వచ్చింది. చించి పారేశాను.

తొంభైల మధ్యలో సూర్యాపేట బస్టాండులో ఆ అమ్మాయి తండ్రి కనిపించాడు. జుట్టు నెరిసింది. నేనే దగ్గరికి వెళ్లి పాప ఎలా ఉందని అడిగాను.

"మంచిగనే ఉన్నది. నడిగూడెంల వాళ్ల చిన్నమ్మ ఇంట్ల పెట్టిన. గాడ మల్ల ఆయాసం, దమ్ము రాలే" అన్నాడు. చేతిసంచి కింద పెట్టి, "సదువు మాత్రం ఖతమైంది. పెండ్లి చేసిన" అన్నాడు.

అప్పుడు మీకు ఏం కాదని చెప్పకుండా ఉండాల్సింది అన్నాను. నడిగూడెం పోయే బస్సు వచ్చింది. చేతిసంచి ఎత్తుకుని, నా వైపు చూడకుండానే ఎక్కి కూర్చున్నాడు.