నాలుగు వేళ్ల వదులు

గిద్దలూరు బస్టాండు వెనక సందులో ఫాతిమాబీ కుట్టిన పరుపు పిగిలిందని వెనక్కి తెచ్చినవాళ్లు లేరు. తెచ్చే ధైర్యం కూడా ఎవరికీ లేదు. ఒకసారి ఒక లాయరుగారు దిండు మూల ఊడిందని వస్తే, “దిండు మీద తల పెట్టుకోవాలయ్యా, కుస్తీ పట్టగూడదు” అని నలుగురిలో అని, ఆ మూల కుట్టి మరీ పంపించింది. డబ్బులు తీసుకోలేదు. తన కుట్టు వీడిందని ఒప్పుకున్నట్టు అవుతుందని.

పుట్టింట్లో దూది ఏకి పరుపులు కుట్టేవారు. ఏడేళ్లకే సూది పట్టింది. ఆ ఇంట్లో నేర్పే మొదటి పాఠం ఒకటే: కొలత ఎంత వచ్చినా దాని మీద నాలుగు వేళ్లు వదులు కలపాలి. ఏకిన దూది ఊపిరి పీల్చుకుని పొంగుతుంది. వదులు లేకపోతే నెల తిరక్కుండా కుట్లు తెగుతాయి. నలభై ఏళ్లుగా ఫాతిమాబీ ఏ గుడ్డ కత్తిరించినా ముందు టేపు పెట్టేది, తర్వాత నాలుగు వేళ్లు ఆనించేది. ఆ తర్వాతే కత్తెర.

మొగుడు నాగూర్ వలి మోటారు బండి మీద దుప్పట్లు కట్టుకుని పల్లెపల్లె తిరిగి అమ్మేవాడు. ఆరేళ్ల కిందట నల్లమల ఘాట్‌లో మలుపు దగ్గర ఇసుక మీద జారి పడ్డాడు. ప్రాణానికి ఏమీ కాలేదు. కుడి మోచెయ్యి మాత్రం రోడ్డుకు రాసుకుపోయి, లోపల ముక్కలై, అతికాక కట్టెలా బిగిసిపోయింది. చొక్కా గుండీలు ఆమే పెట్టాలి. పెట్టేటప్పుడు అతను గోడవైపు చూస్తాడు. ఆమె గబగబా పెట్టేసి అవతలికి పోతుంది.

ఇప్పుడు ఆ బండే కూతురు షాహీన్ నడపబోతోంది. కొమరోలు, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేటల్లోని చిన్న ఆస్పత్రుల నుంచి రక్తం సీసాలు ఐసు పెట్టెలో పెట్టుకుని, పన్నెండు గంటలకల్లా మార్కాపురం ల్యాబులో ఇవ్వాలి. సోమవారం నుంచి పని. బండి, హెల్మెట్, మిగతా సరంజామా ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలన్నారు. వద్దనే వీలు ఫాతిమాబీకి లేదు. పరుపులిప్పుడు చుట్టచుట్టి ప్లాస్టిక్ సంచుల్లో పట్నం నుంచి వస్తున్నాయి, ఆమె మిషను వారంలో నాలుగు రోజులు గుడ్డ కప్పుకుని కూర్చుంటోంది. అందుకని ఆమె ఒక్కటే పట్టుపట్టింది. పిల్ల పడితే పడనీ, మోచెయ్యి మాత్రం పోగూడదు.

ముందు గిద్దలూరులోనే చూసింది. రోడ్డు పక్క తాడు మీద నల్లగా మెరిసే జాకెట్లు వేలాడుతున్నాయి. అమ్మేవాడు ఒకటి విదిల్చి చూపించాడు.

“రేసింగు జాకెట్టు అమ్మా. మోచేతికి, భుజాలకి ప్యాడ్లు ఉండాయి. పడినా దెబ్బ తగలదు.”

ఫాతిమాబీ దాన్ని లోపలికి తిప్పి, మోచేతి దగ్గర బొటనవేలితో నొక్కింది. వేలు అవతలి గుడ్డకు తగిలింది. చంక దగ్గర రెండు చేతులతో లాగింది. కుట్టు పటపటమని నాలుగంగుళాలు నోరు తెరిచింది.

“ఏంది ముసలమ్మా, చించినావే! కొనేదానివేనా?”

“ఇది దిండులోకి కూడా పనికిరాని స్పాంజి. దీన్ని నమ్ముకుని ఆడపిల్ల రోడ్డెక్కాలా? నీ చెల్లెలికి తొడిగి పంపు ముందు.”

శనివారం బస్సెక్కి మార్కాపురం పోయింది. అక్కడ ఖాలిద్ అనే అతనికి బండి సామాన్ల దుకాణం ఉంది. అతను అసలైన జాకెట్టు తీసి గల్లా మీద పరిచాడు. బరువుగా ఉంది. కుట్లు వంగి వంగి చూసింది. మూడు వరసలు, నైలాను దారం. వంక పెట్టడానికి ఏమీ దొరక్క ఆమెకు కడుపు మండింది. ధర అడిగింది. విన్నాక జాకెట్టును మెల్లగా అతని వైపు జరిపింది.

“నాకాడ దాంట్లో సగం కూడా లేదు నాయనా.”

ఖాలిద్ మంచివాడే. గల్లా అవతలి నుంచి ఇవతలికి వచ్చాడు.

“డబ్బు తక్కువుంటే వరస పట్టుకుని కొనాల ఖాలా. ముందు తల. ఐఎస్‌ఐ ముద్ర ఉన్న హెల్మెట్, గడ్డం దాకా మూసేది. తర్వాత చేతులకి గ్లౌజులు, పడినోడు ముందు చెయ్యే ఆనిస్తాడు. ఆ తర్వాత మోకాళ్లు, మోచేతులు. ప్యాడ్లు విడిగా దొరుకుతాయి, జాకెట్టు మనమే కుట్టుకోవచ్చు.”

అతను ఒక ప్యాడు తన మోచేతికి ఆనించుకుని, “కొట్టు” అని ఇనుప స్పానరు చేతికిచ్చాడు.

ఫాతిమాబీ మొహమాటపడలేదు. దుకాణం అదిరేలా కొట్టింది. ఖాలిద్ అదిరిపడి, చెయ్యి చూసుకుని నవ్వాడు.

“యా అల్లా! మెల్లగా కొడతావనుకుంటినే!”

“రోడ్డు మెల్లగా కొడతాదా?”

“సరే, ఒకటి మాత్రం యాదుంచుకో ఖాలా. చెయ్యి బిగుతుగా కుట్టు. ప్యాడు ఎముక మీంచి కదలగూడదు.”

“నువ్వు స్పానర్లు అమ్ముకో నాయనా. కుట్టు నాకు నేర్పమాక.”

ఆ మాటతో హెల్మెట్, గ్లౌజులు, మోకాలి కట్లు, భుజాల ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు మూట కట్టించుకుని బస్సెక్కింది. లారీ పట్టలు కుట్టే చోట మందపు కాన్వాసు కొంది. ఆదివారమంతా మిషను ముందే ఉంది. పైన కాన్వాసు, లోపల పాత జీన్సు ప్యాంట్ల గుడ్డ, మధ్యలో ప్యాడ్లకు సంచులు. మిషను సూదులు మూడు విరిగాయి. నాలుగో సూదికి మిషనే మొరాయించింది. భుజాలు చేత్తో కుట్టింది, దబ్బనం పెట్టి. వేలు చిట్లి రక్తం వస్తే గుడ్డపీలిక చుట్టుకుంది. ఖాలిద్ దుకాణంలో చూసిన ఆ మూడు వరసలకు తనవి ఒక పిసరు కూడా తగ్గకూడదని నాలుగు వరసలు వేసింది.

కత్తిరించేటప్పుడు టేపు పెట్టింది. నాలుగు వేళ్లు ఆనించింది.

సాయంత్రం షాహీన్ తొడుక్కుని చూసుకుంది.

“ఏందమా ఇది, గోనెసంచిలో దూరినట్టుండాది. చేతులు చూడు, ఇంకో మనిషి పడతాడు. కొంచెం బిగించు.”

“గుడ్డ అన్నాక వదులుండాల. లోపల ప్యాడుకి ఊపిరాడొద్దా? బిగించి కుడితే కుట్లు తెగుతాయి. అయినా ఒంటికి అతుక్కునేది తొడుక్కుని బజార్లో తిరగతావా?”

“ప్యాడు దూది కాదమా పొంగడానికి. అదిగో, జరుగుతాంది.”

“నలభై ఏండ్లు కుట్టినా. నువ్వు పుట్టక ముందు నుంచి. నోరు మూసుకుని తొడుక్కో.”

మంచం మీద నాగూర్ వలి గోడవైపు తిరిగాడు. షాహీన్ జాకెట్టు విప్పి హెల్మెట్ పక్కన పెట్టింది. ఆ ఇంట్లో ఫాతిమాబీతో వాదించి గెలిచినవాళ్లు లేరు, ఓడి సుఖపడినవాళ్లూ లేరు.

పదకొండు రోజులు పిల్ల పోయింది, వచ్చింది. పన్నెండో రోజు పొద్దున ఎనిమిదింటికి ఎవరిదో నంబరు నుంచి ఫోను వచ్చింది.

“అమ్మా, నాపేరు కాటమరాజు, గొర్రెలోన్ని. మీ పాప కొమరోలు రోడ్డుమీద పడింది. ఆటోలో పెద్దాసుపత్రికి తెస్తాండా. మాట్లాడతాంది, భయపడమాకండి.”

మందలోంచి ఒక పొట్టేలు దూకి రోడ్డు మీదికి వచ్చిందట. బ్రేకు వేస్తే బండి అడ్డం తిరిగి పిల్ల కుడివైపుకు పడి, పదడుగులు ఈడ్చుకుపోయిందట.

ఆస్పత్రిలో నర్సు కత్తెరతో ఆ జాకెట్టు చెయ్యి కోయడానికి తంటాలు పడుతోంది.

“ఎవురు కుట్టినారమ్మా ఇది? కత్తెర దిగట్లేదు!”

ఇంకే రోజైనా ఆ మాట ఫాతిమాబీకి పది పరుపుల కూలితో సమానం. ఆ రోజు మాత్రం నర్సు చేతిలోంచి కత్తెర లాక్కుని తానే కుట్టు వెంబడి కోసింది. తన కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆమెకే తెలుసు.

హెల్మెట్ ఒక వైపు గీసుకుపోయింది, తలకు ఏమీ లేదు. అరచేతులు బాగున్నాయి, మోకాళ్లు బాగున్నాయి. వీపు మీద, భుజం మీద గీత కూడా పడలేదు. గోడవారన నిలబడి తలగుడ్డతో ముఖం తుడుచుకుంటున్న కాటమరాజు దండం పెట్టాడు.

“ఆ కోటే కాపాడింది తల్లీ. లేకుంటే తోలు మిగిలేది కాదు. ఏ తల్లి కుట్టిందో, ఆమె చేతులు సల్లగుండాల.”

ఫాతిమాబీ ఆ మాట వినలేదు. కోసిన గుడ్డ మడత విప్పి చూస్తోంది. కాన్వాసు తెల్లగా రాసుకుపోయింది గాని చిరగలేదు. తాను కోసిన చోట తప్ప నాలుగు వరసల్లో ఒక్క పోగు తెగలేదు. మోచేతి ప్యాడు కూడా సంచిలో భద్రంగా ఉంది. కానీ వదులుగా ఉన్న చెయ్యి పడగానే మెలి తిరిగింది, దాంతోపాటు సంచీ తిరిగింది. ప్యాడు మోచేతి లోపలి మడతలోకి వచ్చి కూర్చుంది, ఎముక మీద వట్టి గుడ్డ మిగిలింది. ఆ గుడ్డ కింద మోచెయ్యి ఉండాల్సిన ఆకారంలో లేదు.

ఆమె తన వేళ్లు నాలుగూ కలిపి ఆ గుడ్డలో మిగిలిన వదులుకు ఆనించి చూసింది. సరిగ్గా పట్టాయి.

“గొర్రెది తప్పు కాదు నాయనా,” అంది కాటమరాజుతో. “నువ్వు పో. నాదే తప్పు.”

అతనికి అర్థం కాలేదు. కంగారులో అన్నదనుకుని అక్కడే నిలబడ్డాడు. ఫాతిమాబీ జీవితంలో ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదలు. అది కూడా ముక్కూముఖం తెలియని మనిషితో అన్నది గాని మంచం మీద ఉన్న కూతురితో అనలేకపోయింది.

డాక్టరు ఆపరేషను చేసి ఎముకకు రేకు వేసి స్క్రూలు బిగించాడు. ఎముక అతుకుతుందన్నాడు. చెయ్యి వంగుతుందా అని అడిగితే, కట్టు విప్పాక చూద్దామన్నాడు. ల్యాబువాళ్లు వారం ఆగి ఇంకొకరిని పెట్టుకున్నారు. చూడవచ్చినవాళ్లందరూ జాకెట్టు సంగతి విని మెచ్చుకునేవారు. మా వాడికి ఒకటి కుట్టిపెట్టమని ఇద్దరు కొలతలు కూడా తెచ్చారు. “కుట్టను పొండి, ప్రాణాలు ఉండాలంటే అప్పు చేసి దుకాణంలో కొనుక్కోండి” అని కసిరింది. పొగరనుకున్నారు. అనుకోనీ.

కట్టు విప్పిన రోజు మోచెయ్యి కొద్దిగా వంగి అక్కడే ఆగిపోయింది. కసరత్తు చేయించే సుస్మిత అనే అమ్మాయి ఫాతిమాబీకి పట్టు చూపించింది.

“పైచెయ్యి ఇట్ల కదలకుండా పట్టుకోండి ఆంటీ, మణికట్టు పట్టుకుని మెల్లగా వంచండి. దినానికి మూడుసార్లు. ఏడుస్తాది, కొంచెం తట్టుకోవాల. మూడు నెలల్లో వచ్చినంతే వచ్చినట్టు.”

రెండు నెలలు గడిచాయి. చెయ్యి మొదటి రోజు ఆగిన చోటు నుంచి రెండు వేళ్ల మందం కూడా ముందుకు రాలేదు. ప్రతి మధ్యాహ్నం ఫాతిమాబీ మంచం పట్టెమీద కూర్చుని కూతురి చెయ్యి ఒళ్లోకి తీసుకునేది. షాహీన్ ఓణీ కొంగు నోట్లో కుక్కుకునేది. నాగూర్ వలి బయటికి పోయి సందు చివర నిలబడేవాడు.

ఆ రోజు వంచుతుండగా పిల్ల గొంతులోంచి వచ్చిన శబ్దానికి ఫాతిమాబీ చేతులు పట్టు వదిలేశాయి. ఎనిమిది మడతల్లోకి దబ్బనం దించిన చేతులు. 

“ఇంక నావల్ల కాదు పాపా. చాలు. ఉన్నంతే ఉండనీ.”

షాహీన్ నోట్లోంచి గుడ్డ తీసింది. ముఖమంతా చెమట.

“కుట్టేటప్పుడు నా మాట ఇనలేదు,” అంది. కోపంగా కాదు. “ఇప్పుడన్నా ఇను. వంచు.”

ఫాతిమాబీ ఆ చెయ్యి మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. “నేనే ఖరాబు చేసినానే,” అంది. అది బయటికి వినిపించిందో లేదో ఆమెకే తెలియలేదు.

“తెలుసు. వంచు.”

వంచింది. రాలేదు. పిల్ల మళ్లీ గుడ్డ నోట్లో పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. ఫాతిమాబీ పట్టు సరిచేసుకుని, ఇంకొంచెం గట్టిగా వంచింది.